సగం ఒప్పుకోలు, సగం విసుగు

శ్రోతలకు నమస్కారం. కోవిడ్ రోజుల్లో, 2021 మే 5 నుంచి కొన్నాళ్లు మన ఆంధ్రప్రదేశ్‌లో మధ్యాహ్నం 12 దాటితే కర్ఫ్యూ ఉండేది. విశాఖలో పూర్ణా మార్కెట్‌కు వెళ్లినవాళ్లు సంచి నిండకముందే గడియారం చూసుకునేవారు. ఈ కర్ఫ్యూ సబబేనా అని అడిగితే ఒక్క ముక్కలో జవాబు వచ్చేది కాదు. "పెట్టాల్సిందేనండీ, కానీ ఆటో నడుపుకునేవాడు ఏం తినాలి?" అనేవారు.

ఈ మాటను కంప్యూటర్‌కు ఇచ్చి, అనుకూలమో వ్యతిరేకమో తేల్చమంటే ఏదో ఒక గంపలో పడేస్తుంది. మిగతా సగం మాట గాలికి పోతుంది.

అమెరికాలోని బర్క్లీలో పాఠాలు చెప్పిన లోత్ఫీ జాదే 1965లో ఇలాంటి చిక్కుకే దారి చూపారు. ఒకటి ఫలానా వర్గంలో ఎంతమేరకు ఉందో సున్నాకు, ఒకటికి మధ్య అంకెతో చెప్పవచ్చన్నారు. అవును, కాదుల మధ్య ఉండే మెట్లనూ లెక్కలోకి తీసుకునే ఫజీ లాజిక్‌కు అదే పునాది.

మన ఆటో మాటే తీసుకుందాం. అనుకూలత 0.7, ఆందోళన 0.6 అని వేద్దాం. కలిపితే ఒకటి దాటిందే అంటారా? దాటనివ్వండి. రెండింటిలో ఏదో ఒకటే నిజమయ్యే సంభావ్యత లెక్కయితే తప్పు గానీ, ఇక్కడ ఆ మనిషి మనసులో రెండూ నిజంగానే ఉన్నాయి. ఇక ఒక నియమం రాస్తాం: అనుకూలతా ఆందోళనా రెండూ ఉంటే అది షరతులతో కూడిన అంగీకారం. రెండింటిలో చిన్న అంకెను తీసుకోవడం వాడుక కనుక, ఆ అంగీకారం 0.6. "చాలా" అనే మాటకూ జాదే లెక్క చెప్పారు. అంకెను దానితోనే హెచ్చించాలి. మామూలు అనుకూలత 0.7 ఉన్న మనిషి "చాలా అనుకూలం" అనే వర్గానికి వచ్చేసరికి 0.49కి దిగుతాడు. నాకు ఇది భలే నచ్చింది.

అయితే మొదటి అంకెలు ఎలా వేయాలో నిర్ణయించేది మనుషులే. కర్ఫ్యూలోనూ నెల జీతం ఆగనివారు కూర్చుని నిర్ణయిస్తే ఆటో మనిషి ఆందోళన 0.3 దగ్గరే ఆగిపోవచ్చు. వెటకారం మరో తలనొప్పి. 2020 మేలో మద్యం దుకాణాలు తెరిచినప్పుడు "బడి మూశారు, మందు షాపు తెరిచారు, ఏమి ముందుచూపండీ!" అని ఎవరైనా రాస్తే, మంచి మాటలు, చెడ్డ మాటల పట్టిక చూసుకునే యంత్రం దాన్ని మెచ్చుకోలు కింద జమకట్టేస్తుంది.

ఫిషింగ్ హార్బర్‌లో చేపలమ్మే ఆవిడైతే ఫోనులో ఏమీ రాయదు. ఆమెకు 0.1 కూడా పడదు. ఆమె మాట లెక్కలోకి రావాలంటే తెల్లవారుజామున అక్కడికి వెళ్లి అడగవలసిందే. నమస్కారం.