చిక్కటి రెడ్ వైన్ చవగ్గా ఎలా వస్తుంది? దక్షిణ రోన్ కుటుంబాల పనితనం

[తెర మీద: నల్ల ద్రాక్ష పండును వేళ్ల మధ్య చిదుముతున్న దగ్గరి షాట్]

నమస్తే. ఈ పండు చూడండి, పైకి నల్లగా ఉంది. చిదిమితే వచ్చిన రసానికి మాత్రం దాదాపు రంగే లేదు. రెడ్ వైన్ రంగు, వగరు ఎక్కువగా తొక్కలోంచే వస్తాయి. మన కథ ఆ తొక్క దగ్గరే మొదలవుతుంది.

ఫ్రాన్స్ దక్షిణాన రోన్ నది లోయలో గ్రెనాష్ అనే ద్రాక్ష బాగా పండుతుంది. అక్కడి ఎండకు పండులో చక్కెర బాగా చేరుతుంది. లీటరు రసంలో ఉన్న ప్రతి 17 గ్రాముల చక్కెరకు సుమారు 1 శాతం ఆల్కహాల్ తయారవుతుంది. ఈ వైన్లు 14 శాతం దాకా వెళ్లడానికి కారణం అదే. అది తక్కువేం కాదు, కాబట్టి గ్లాసులో కొంచెమే పోసుకోండి. వానలు పడ్డాక ఉత్తరం నుంచి మిస్ట్రాల్ అనే గాలి గట్టిగా వీచి గుత్తులను ఆరబెడుతుంది, దాంతో కుళ్లు తగ్గుతుంది. ఆ గాలికి తట్టుకోవాలనే పాత తీగలను పందిరి ఎక్కించకుండా పొట్టి పొదల్లా పెంచారు.

[తెర మీద: సిమెంటు తొట్టి, పైకి తేలిన పిప్పి]

కోతలయ్యాక రసాన్ని తొక్కలతో కలిపే పులియబెడతారు. లోపల పుట్టే గ్యాస్ తొక్కలన్నిటినీ పైకి నెట్టేస్తుంది. ఆ పిప్పి ఎండిపోతే వైన్ పాడయ్యే ప్రమాదం ఉంది. అందుకే అడుగున ఉన్న రసాన్ని తోడి పిప్పి మీద పోస్తూ ఉండాలి. చిన్న వైనరీలో ఈ పని ఇంట్లోవాళ్లదే. గ్లాసులో మనకు కనిపించే చిక్కదనం వెనక ఈ చాకిరీ ఉంది. దీన్ని ఎంత మెచ్చుకున్నా తక్కువే.

మరి ధర ఎక్కడ తగ్గుతుంది? ముందు వైన్‌ను నిల్వ ఉంచే పీపా దగ్గర. 225 లీటర్ల కొత్త ఓక్ చెక్క పీపా చాలా ఖరీదు, అందులో పట్టేది 300 సీసాల వైనే. పైగా గ్రెనాష్‌కు గాలి పడదు, చిన్న పీపాలో త్వరగా వాడిపోతుంది. సిమెంటు తొట్టి దానికి సరిగ్గా సరిపోతుంది. తాతలు కట్టించిన తొట్టి మనవల కాలంలోనూ పనికొస్తుంది.

రెండోది పేరు. ఈ లోయలోనే పెద్ద పేరున్న వైన్ ప్రాంతం షాతోనఫ్-దు-పాప్‌కు 1936లోనే చట్టబద్ధమైన గుర్తింపు వచ్చింది. అక్కడ దిగుబడిని హెక్టారుకు 35 హెక్టోలీటర్లకు, అంటే 3,500 లీటర్లకు కట్టడి చేశారు, గుత్తులు చేత్తోనే కోయాలి. కోత్-దు-రోన్ అనే, లోయ అంతటికీ వర్తించే మామూలు పేరుతో అమ్మే వైన్‌కు ఈ నియమాలు కాస్త సడలుతాయి. కానీ హద్దుకు అవతలా ఇవతలా పండేది అదే గ్రెనాష్. ఇవతలి కుటుంబం దిగుబడిని తనంతట తానే తగ్గించుకుని శ్రద్ధగా చేస్తే, పెద్ద పేరుకు పెట్టే డబ్బు మనకు మిగులుతుంది. నేను వెతికేది ఇలాంటి సీసాల కోసమే.

ఫ్రాన్స్ చట్టం ప్రకారం ఆస్తిలో పిల్లలందరికీ వాటా ఉంటుంది. అలాంటిచోట ఒక తోటను ముక్కలు కాకుండా తరతరాలు నిలబెట్టుకోవడం మామూలు విషయం కాదు.

[తెర మీద: సీసా మూత దగ్గరి షాట్]

కుటుంబం అన్న మాట లేబుల్ మీద ఎవరైనా వేసుకోవచ్చు. భుజాన పీపా మోస్తున్న మనిషి బొమ్మ ఉందేమో చూడండి. అది సొంత తోటలో పండించి, సొంతంగా వైన్ చేసి, సీసాలో నింపే స్వతంత్ర రైతుల గుర్తు.

తాగేటప్పుడు 16 నుంచి 18 డిగ్రీల చల్లదనం ఉండాలి. వేడెక్కితే ఆల్కహాల్ ఘాటే ముక్కుకు తగులుతుంది. చల్లగా ఉంటే పండు వాసన, మిరియాల వాసన విడివిడిగా తెలుస్తాయి.

మిగిలితే చిన్న సీసాలోకి అంచుదాకా నింపి, బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. గాలికి చోటు లేకపోతే రెండు మూడు రోజులు బాగుంటుంది.