మొదటి పీరియడ్ ఆకలి

అందరికీ నమస్కారం. పిల్లలు ఎండలో కూర్చున్నారు, అందుకని వేదిక మీది పెద్దల పేర్లు చదవడం మానేస్తున్నాను, ఏమీ అనుకోకండి. చదువు విలువ గురించి నాలుగు మాటలు చెప్పమని పిలిచారు. నాకు మాత్రం ముప్పై ఏళ్ళ సర్వీసులో ఒక్క గుంటడు గుర్తొస్తున్నాడు, ముందు వాడి సంగతే చెప్తాను.

పలాస దగ్గర ఊళ్ళో రెండో తరగతి చెప్పేవాణ్ణి. వాడి అమ్మానాన్నా చెన్నైలో బిల్డింగు పనికి వలసపోయారు, నానమ్మ తెల్లారకముందే జీడిపిక్కల పనికి పోయేది. పొద్దున్నే ఎక్కాలు అడిగితే రోజూ మూడో ఎక్కం సగంలో ఆగిపోయేవాడు. ఒకరోజు కొట్టాను. వాడు ఏడవలేదు. ఏడవడానికి కూడా ఓపిక లేదని నాకు తెలీలేదు. మధ్యాహ్నం బడిలో అన్నం తిన్నాక వాడే నా దగ్గరకొచ్చి, "మాస్టారూ, ఇప్పుడు చెప్తాను" అని ఎక్కం మొత్తం తప్పులేకుండా అప్పజెప్పాడు. రాత్రి ఏం తిన్నావురా అంటే తల దించుకున్నాడు. ఆ చెయ్యి నాకింకా బరువుగానే ఉంటుంది.

మనం తిన్నదాంట్లో మెదడు ఒక్కటే దాదాపు ఐదో వంతు శక్తి వాడుకుంటుంది, ఎదిగే పిల్లల్లో అయితే ఇంకా ఎక్కువ. రాత్రి సరిగ్గా తినని పిల్లాడు పొద్దున్న తొమ్మిదింటికి పలక పట్టుకుంటే అక్షరం నిలవదు. ఒంట్లో ఐరన్ తక్కువైనా అంతే, ధ్యాస ఉండదు. మనమేమో లెక్కలూ తెలుగూ మొదటి పీరియడ్లలోనే పెడతాం, వాళ్ళని మొద్దులంటాం. ఒకటీ రెండూ తరగతుల్లో చదవడం రాకపోతే ఐదో తరగతికి వచ్చినా రాదు, ఇది నేను కళ్ళారా చూశాను.

2001 నవంబరు 28న సుప్రీంకోర్టు చెప్పబట్టే దేశమంతా బడుల్లో వండిన అన్నం వచ్చింది, మన రాష్ట్రంలో 2003 నుంచి పెడుతున్నారు. ప్రైమరీ పిల్లలకి రోజుకి 450 క్యాలరీలు, 12 గ్రాముల ప్రొటీన్ ఇవ్వాలని లెక్క. మంచిదే, కానీ అది మధ్యాహ్నం మాట! పొద్దున్న సంగతేంటి? తమిళనాడులో 2022 సెప్టెంబరు నుంచి ప్రైమరీ పిల్లలకి బడిలోనే పొద్దున్న టిఫిను పెడుతున్నారు. మనకి 2023లో రాగిజావ వచ్చింది, మన చోడి అంబలే కదా అది, నాకెంత సంతోషమైందో. అది కూడా వారంలో మూడు రోజులే అన్నారు. మిగతా రోజులు ఆకలి సెలవు తీసుకుంటుందా అమ్మా?

టీచర్లకి ఒక్క మాట. "తిన్నావా" అని అడక్కండి, ప్రతివాడూ తిన్నాననే అంటాడు, వాడికి పరువుంటుంది. "ఏం తిన్నావు" అని పక్కకి పిలిచి అడగండి.

ఈ ఊళ్ళో వలసపోయిన ఇళ్ళ పిల్లలు ఎంతమందో హెడ్‌మాస్టారు చెప్పగలరు. సభ అయ్యాక ఆ పేర్లు రాసుకుందాం, ఏ పిల్లాడికి పొద్దున్న ఎవరింట్లో అంబలి దొరుకుతుందో ఇక్కడే అనుకుందాం. నేను చివరి బస్సు దాకా ఉంటాను.