చిట్టెలుకకి వస్తే మనిషికీ వస్తుందా?

(విశాఖపట్నంలో ఒక స్టూడియోలో జరిగిన చర్చకి అక్షర రూపం. పాల్గొన్నవారు ఇద్దరు. ఒకరు మందుల పరిశోధనలో పనిచేసి రిటైరైన టాక్సికాలజిస్ట్ (విషప్రభావాల నిపుణుడు), ఇంకొకరు ఎంవీపీ కాలనీలో క్లినిక్ నడుపుతున్న పశువైద్యురాలు. మొదటి రెండు నిమిషాలు మైక్ పనిచేయలేదు, అందుకే మధ్యలోంచి మొదలవుతుంది.)

యాంకర్: ఆ, ఇప్పుడు వినపడుతోంది. మేడమ్, పిల్లి సంగతి మళ్ళీ మొదట్నించి చెప్పండి.

పశువైద్యురాలు: మొన్న రాత్రి పదింటికి ఒకాయన టవల్లో చుట్టి తెచ్చారు. మూడు కేజీలుంటుంది పిల్లి. ఒళ్ళు వేడిగా ఉందని 650 పారాసెటమాల్ మాత్రలో సగం నూరి పాలల్లో కలిపి పట్టారట. నేను చూసేసరికి మొహం వాచిపోయింది, చిగుళ్ళు గోధుమ రంగుకి తిరిగాయి. రక్తం తీస్తే చాక్లెట్ రంగు. ఆయనేమో, "నేను మాత్ర మొత్తం వేసుకుంటాను మేడమ్, దానికి సగమేగా ఇచ్చాను" అంటారు పాపం.

యాంకర్: వినడానికి సబబుగానే ఉంది కదండీ!

పశువైద్యురాలు: లెక్క కట్టండి మరి. 325 మిల్లీగ్రాములు, మూడు కేజీలు. కేజీకి వంద దాటింది. అరవై కేజీల మనిషి మొత్తం మాత్ర మింగినా కేజీకి 11 ఉండదు. సరే, బరువు చూసి తగ్గించి ఇచ్చారనుకోండి, అయినా పిల్లికి పారాసెటమాల్ పనికిరాదు. మన కాలేయం ఆ మందుకి చక్కెర లాంటి ముక్కొకటి తగిలించి ఒంట్లోంచి తోసేస్తుంది. ఆ ముక్క తగిలించే ఎంజైమ్ తాలూకు జన్యువు పిల్లుల్లో ఎప్పుడో చెడిపోయింది.

యాంకర్: ఇంతకీ ఆ పిల్లి?

పశువైద్యురాలు: బతికింది. విరుగుడు మందు ఎన్-ఎసిటైల్‌సిస్టీన్ ఎక్కించాం. మూడు రోజులు నాకూ, ఆయనకీ నిద్ర లేదు.

యాంకర్: సార్, పిల్లికీ మనిషికే ఇంత తేడా ఉంటే, ఎలుకల మీద చూసి మనకి డోసు ఎలా కడతారు?

టాక్సికాలజిస్ట్: ఎలుక ఒక్కదాని మీదే చూడం. ఎలుకజాతిది ఒకటి, ఆ జాతి కానిది ఒకటి, సాధారణంగా బీగిల్ కుక్క. ఒకదాంట్లో బయటపడనిది రెండోదాంట్లో పడుతుందని ఆశ. హాని ఏదీ కనపడని పెద్ద డోసుని నోయెల్ అంటాం. అది ఎలుకకి కేజీకి 50 మిల్లీగ్రాములు అనుకుందాం. (కాగితం మీద రాస్తున్నారు.) ఒళ్ళు చిన్నదయ్యేకొద్దీ లోపల పొయ్యి మంట ఎక్కువ, మందుని గబగబా కాల్చేస్తుంది. అందుకని కేజీల లెక్క వదిలేసి ఒంటి ఉపరితలం లెక్క పడతాం. ఎలుక డోసుని 6.2తో భాగించాలి. చిట్టెలుకకైతే 12.3, కుక్కకైతే 1.8. ఇక్కడ 50కి 8 వచ్చింది. దాన్ని మళ్ళీ పదితో భాగిస్తే 0.8. అరవై కేజీల వాలంటీర్‌కి 48 మిల్లీగ్రాములు. మొదటిసారి అంతకి మించి ఇవ్వం.

యాంకర్: 6.2 అర్థమైంది. ఆ పది ఎక్కణ్ణుంచి వచ్చింది?

టాక్సికాలజిస్ట్: (నవ్వుతూ) అది జాగ్రత్త కోసం. తిండిలో కలిసే రసాయనాలకైతే వంద. 1954లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏలో పనిచేసే లేమన్, ఫిట్జ్‌హ్యూ ప్రతిపాదించారు. జంతువుకీ మనిషికీ మధ్య పది, మనిషికీ మనిషికీ మధ్య పది అని వివరించుకుంటాం. నిజం చెప్పాలంటే ఉజ్జాయింపు. తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు మొదటి పదిని 4, 2.5గా విడగొట్టారు. ఒళ్ళు మందుని ఏం చేస్తుందన్నదానికి 4, మందు ఒళ్ళుని ఏం చేస్తుందన్నదానికి 2.5. ఇందులో దేనికైనా నిజమైన కొలత దొరికితే ఉజ్జాయింపు తీసేసి కొలత పెట్టుకోవచ్చు. నన్నడిగితే ఈ లెక్కలన్నిట్లో పనికొచ్చే ముక్క అదే. చాలామంది ఆ కష్టం పడరు, వందతో భాగించి చేతులు దులుపుకుంటారు.

పశువైద్యురాలు: వంద కూడా చాలని సందర్భం ఉంది కదా సార్. 2006, లండన్.

టాక్సికాలజిస్ట్: టీజీఎన్1412 అనే కొత్త మందు. మనుషుల మీద మొదటిసారి పరీక్షిస్తూ, కోతులకి ఏమీ కాని డోసులో ఐదు వందల్లో ఒక్క వంతు ఇచ్చారు. మందు పడిన ఆరుగురూ గంటల్లో ఐసీయూ పాలయ్యారు. ఆ మందు పట్టుకోవాల్సిన కొక్కెం మన టీ-కణాల్లో, అంటే రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాల్లో, కొన్నిటి మీద ఉంది, ఆ కోతుల్లో అదే రకం కణాల మీద లేదు. కొక్కెమే లేనప్పుడు కోతికి ఏమవుతుంది? అక్కడ వెయ్యితో భాగించినా ఊరికే భాగించినట్టే.

యాంకర్: ఫోన్ కాల్ ఉంది. అమ్మా, చెప్పండి.

కాలర్: నమస్కారమండి. ఆర్.ఆర్. వెంకటాపురం నుంచి. మా అబ్బాయి ఫోన్లో చూసి చెప్పాడు, మా ఊరి పక్క ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి లీకైన ఆ స్టైరీన్ గ్యాసు ఎలుకలకి పెడితే ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ వచ్చిందంట. 2020 మే 7న మేం పీల్చినాం కదా. మాకూ వస్తాదా?

టాక్సికాలజిస్ట్: అమ్మా, వచ్చింది చిట్టెలుకలకి. మాటలు పట్టుకుంటున్నాననుకోకండి, కథంతా అక్కడే ఉంది. రోజుకి ఆరు గంటలు, వారానికి ఐదు రోజులు, దాదాపు రెండేళ్ళు పీల్పించారు. చిట్టెలుకలకి 160 పీపీఎం, అంటే పది లక్షల వంతుల గాలిలో 160 వంతులు, దాటకుండానే ఊపిరితిత్తుల్లో గడ్డలొచ్చాయి. పెద్ద ఎలుకలకి 1000 పీపీఎం దాకా పెట్టినా అక్కడ గడ్డలు రాలేదు.

యాంకర్: రెండూ అన్నదమ్ముల్లాంటివే కదా సార్!

టాక్సికాలజిస్ట్: చిట్టెలుక ఊపిరి గొట్టాల గోడల్లో క్లబ్ కణాలని ఉంటాయి. వాటి నిండా సీవైపీ2ఎఫ్2 అనే ఎంజైమ్. స్టైరీన్‌ని అది అక్కడికక్కడే విషంగా మారుస్తుంది. కణాలు చావడం, కొత్తవి పుట్టడం, మళ్ళీ చావడం, రెండేళ్ళూ ఇదే గోల. పెద్ద ఎలుకలో ఆ పని తక్కువ, మనిషిలో మరీ తక్కువ. ఆ జన్యువు తీసేసిన చిట్టెలుకలకి స్టైరీన్ ఇచ్చి చూశారు. ఊపిరితిత్తులకి ఏమీ కాలేదు.

పశువైద్యురాలు: ఆగండి సార్. "మీకేం రాదు" అన్నట్టు వినపడుతోంది ఆవిడకి. మనిషిలో ఆ ఎంజైమ్‌కి తోబుట్టువు లాంటి సీవైపీ2ఎఫ్1 ఉంది. పైగా 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ఐఏఆర్‌సీ స్టైరీన్‌ని 2ఏ జాబితాలోకి ఎక్కించింది, బహుశా క్యాన్సర్ తెస్తుందని.

టాక్సికాలజిస్ట్: ఎక్కించింది, కాదనను. ఏళ్ళ తరబడి పనిలో పీల్చిన కార్మికుల్లో రక్త సంబంధమైన క్యాన్సర్ల గురించి కొంత ఆధారం ఉందని వాళ్ళన్నారు. నేనన్నది ఊపిరితిత్తుల గడ్డ గురించే. ఆ ఒక్క విషయంలో చిట్టెలుక సాక్ష్యం మనకి చెల్లదంటాను. ఇక అమ్మా, ఒక్క రాత్రి పీల్చడానికీ రెండేళ్ళు పీల్చడానికీ చాలా తేడా ఉంది. ఆ రోజు 12 మంది పోయింది క్యాన్సర్‌తో కాదు కదా.

పశువైద్యురాలు: నేను పశువుల డాక్టర్‌నే, అయినా చెబుతున్నాను. ఏటా ఒకసారి సీబీపీ రక్తపరీక్ష చేయించుకోండమ్మా. ఆ రిపోర్టులు పారేయకండి.

కాలర్: కవర్లో పెట్టి ఉంచానండి అన్నీ. ఇంకొక్కటి అడగనా బాబూ? ఆ రోజు మా గేదె చచ్చిపోయింది. మేం బతికినాం. పశువులకి ఆ గ్యాసు ఎక్కువ పనిచేస్తాదా?

టాక్సికాలజిస్ట్: గేదె ఎక్కడుందమ్మా అప్పుడు?

కాలర్: పాకలో. కట్టేసి ఉంది.

టాక్సికాలజిస్ట్: మీరు?

కాలర్: ఊపిరాడక మెలకువ వచ్చింది. పిల్లల్ని లాక్కుని మెయిన్ రోడ్డు దాకా పరిగెత్తినాం.

టాక్సికాలజిస్ట్: స్టైరీన్ ఆవిరి గాలి కంటే మూడున్నర రెట్లు బరువమ్మా. నేలని పట్టుకుని పాకుతుంది. గేదెకీ మనిషికీ తేడా ఇదీ అని నేను చెప్పాలంటే ఇద్దరూ అదే గాలిని అంతే సేపు పీల్చి ఉండాలి. మీరు పీల్చింది కాసేపు. అది అక్కడే ఉండిపోయింది.

కాలర్: తాడు విప్పుదామనే చూశానండి. ముడి రాలేదు.