జవాబు తెలిసీ నోరు విప్పని రోజు

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, అందరికీ నమస్కారం. ఒంగోలు రమ్మన్నప్పుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఎలా వచ్చిందో చెప్పమన్నారు. నేను మాత్రం మొదటి ఇంటర్వ్యూ ఎలా పోయిందో చెబుతాను.

నాది టంగుటూరు పక్క పల్లె. మా నాయన పొగాకు రైతు. ఆ రోజు ఇక్కడే రాత్రి సింహపురి రైలెక్కి, తెల్లారి సికింద్రాబాదులో దిగి, వెయిటింగ్ రూంలో బట్టలు మార్చుకుని వెళ్లాను. ఆప్టిట్యూడ్ పరీక్ష గట్టెక్కింది. టెక్నికల్ రౌండులో ఒకటే ప్రశ్న: ఒక స్ట్రింగులో, అంటే అక్షరాల వరుసలో, ఒక్కసారే వచ్చిన మొదటి అక్షరాన్ని కనిపెట్టాలి.

రెండు లూపులు, అంటే ఒకే పనిని తిరిగి తిరిగి చేయించే కోడు, పెట్టి ప్రతి అక్షరాన్నీ మిగతావాటితో పోల్చవచ్చని వెంటనే తట్టింది. 1,000 అక్షరాలుంటే దాదాపు 10 లక్షల పోలికలు. అది నెమ్మదని తెలుసు కాబట్టి, ఇంకా మంచిది దొరికాకే చెబుదామని ఊరుకున్నాను. పైగా ప్రతి మాటనూ లోపల ఇంగ్లీషులో కూర్చుకుంటున్నాను. "ఏం ఆలోచిస్తున్నావమ్మా?" అని ఇంటర్వ్యూ చేసే ఆయన రెండుసార్లు అడిగారు. "థింకింగ్ సార్" అన్నాను. అంతే, అయిపోయింది.

తిరుగు రైల్లో, ఒంగోలు రాకముందే జవాబు దొరికింది. ఒకసారి చదువుతూ ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో హ్యాష్ మ్యాప్‌లో, అంటే ప్రతి అక్షరం పక్కన దాని లెక్క ఉండే పట్టికలో, రాసుకోవడం, రెండోసారి చదువుతూ ఒకటి అని ఉన్న మొదటి అక్షరం దగ్గర ఆగడం. అవే 1,000 అక్షరాలకు 2,000 సార్లు చూస్తే పని తీరిపోతుంది. ఎంత ఏడ్చానో!

ఇంటికొచ్చేసరికి నాయన వసారాలో పొగాకు బేలు, అదే ఆకు కట్ట, విప్పుతున్నారు. వేలంలో ఎవరూ పాడలేదని వెనక్కి తెచ్చారు. "ఆకు మంచిదేనమ్మా, గ్రేడు కలిసిపోయింది" అంటూ పచ్చాకు ఏరి పక్కన పెడుతున్నారు. నేనూ పక్కన కూర్చుని ఏరాను.

ఇప్పుడు బల్లకు అవతలి వైపు కూర్చుంటున్నాను. ఇంటర్వ్యూ అయ్యాక అభ్యర్థి ఎలా ఆలోచించాడో మేం రాసివ్వాలి. పది నిమిషాలు నోరు విప్పని పిల్లాడి గురించి ఏం రాయను? వాడికి తెలుసని ముఖంలో కనిపిస్తూనే ఉంటుంది. ముఖాన్ని కాగితం మీద పెట్టలేను కదా. నాకు నిజంగా కడుపు తరుక్కుపోతుంది. బళ్లో మనకు జవాబు సరిగ్గా వస్తేనే చెయ్యెత్తమని నేర్పారు. ఆ అలవాటే ఇక్కడ కొంప ముంచుతోంది.

అందుకని, తట్టిన నెమ్మది పద్ధతినే ముందు చెప్పండి. అది నెమ్మదని కూడా మీరే చెప్పండి. ఇంగ్లీషు పెద్ద A, చిన్న a ఒకటేనా? స్ట్రింగు ఖాళీగా ఉంటే ఏం ఇవ్వాలి? అడగండి. అడిగితే చిన్నతనం అనుకోవద్దు, మేం ఎదురుచూసేదే అది. "ఫస్ట్ కౌంట్, దెన్ చెక్" అని నాలుగు ముక్కల్లో చెప్పిన అమ్మాయిని నేను పైరౌండుకు పంపాను. వ్యాకరణం చూడలేదు.

బ్యాక్‌డోర్ ఉద్యోగాలంటూ లక్షలు అడిగేవాళ్లకు పైసా ఇవ్వకండి. మీ నాయన అప్పు తెచ్చి ఇస్తానన్నా వద్దనండి. చేయని ప్రాజెక్టును రెజ్యూమెలో పెట్టకండి, మూడో ప్రశ్నకే బయటపడుతుంది.

ఇక నా మాటలు చాలు. ఇదిగో చాక్‌పీసు, అదిగో బోర్డు. ఆ అక్షరం ప్రశ్నే చేద్దాం, కానీ ఇందాక చెప్పిన హ్యాష్ మ్యాప్ లేకుండా. ముందు ఎవరొస్తారు? వెనక బెంచీ చెల్లెమ్మా, రా. తెలుగులోనే చెప్పు.