అమావాస్య ఆకాశంలో ఆకుపచ్చ గీత

నమస్కారం. నల్లగొండ జిల్లా దిండి జలాశయం దగ్గర, ఒక బత్తాయి తోట గట్టు మీద ఉన్నాను. ఈ రోజు అమావాస్య. చంద్రుడు లేకపోయినా ఈ చెట్ల కన్నా ఆకాశం కాస్త తెల్లగానే ఉంది, చూడండి. అందులో కొంత నక్షత్రాలది, కొంత ఊరి దీపాలది. ఇంకొంత మన గాలిదే! పగటి ఎండకు విడిపోయిన ఆక్సిజన్ పరమాణువులు రాత్రి మళ్లీ కలుస్తూ వెలుగు విడుస్తాయి. ఆ వెలుగునే ఇప్పుడు పట్టుకుందాం.

సన్నని చీలిక, వెలుగును రంగులుగా విడదీసే గ్రేటింగ్ పలక (మిల్లీమీటరుకు 600 గాట్లున్నది), నలుపు తెలుపు కెమెరా, ఎఫ్ 1.8 లెన్సు చాలు. టెలిస్కోపు అక్కర్లేదు. ఆకాశమంతా పరచుకున్న వెలుగును అది మరింత ప్రకాశవంతం చేయలేదు.

ముందు రంగులను వాటి తరంగదైర్ఘ్యంతో కొలిచే కొలబద్ద కావాలి. పాత సీఎఫ్ఎల్ బల్బు వెలిగించి ఫోటో తీయండి. అందులోని పాదరసం 435.8, 546.1 నానోమీటర్ల తరంగదైర్ఘ్యాల దగ్గర వెలుగు గీతలిస్తుంది. ఆకుపచ్చలో పక్కపక్కనే గీతలు కనిపిస్తే, ఎరుపు వైపున్నదే పాదరసానిది. నా చిత్రంలో 435.8, 546.1 గీతల మధ్య 551 పిక్సెళ్లున్నాయి, అంటే పిక్సెలుకు 0.2 నానోమీటరు.

ఉత్తరాన హైదరాబాద్ వెలుగుంది కాబట్టి కెమెరాను దక్షిణానికి, నల్లమల వైపు తిప్పండి. దిగంతానికి 20 డిగ్రీల ఎత్తున పెట్టండి. నడినెత్తిన కన్నా అక్కడ మన చూపు ఆ వెలుగు పొరలో ఎక్కువ దూరం సాగుతుంది. పది నిమిషాల చొప్పున ఆరు చిత్రాలు, లెన్సుకు మూత పెట్టి మరో ఆరు తీసి, మొదటి వాటి నుంచి రెండోవి తీసివేయండి.

ఇదిగో, పాదరసం 546.1 గీతకు 58 పిక్సెళ్ల అవతల, 557.7 నానోమీటర్ల దగ్గర మన ఆకుపచ్చ గీత! ఏ వీధి దీపమూ ఇక్కడ గీత ఇవ్వదు. 1868లో స్వీడన్ భౌతిక శాస్త్రవేత్త ఆంగ్‌స్ట్రామ్ ఆకాశంలో ఎటు చూసినా దీన్ని గమనించాడు. ఇది ఆక్సిజన్‌దని తేలడానికి 1925 దాకా పట్టింది. ఎందుకంటే శక్తి పుంజుకున్న పరమాణువు ఈ కాంతి విడవడానికి సుమారు ముప్పాతిక సెకను కావాలి. ప్రయోగశాలలుండే నేల దగ్గరి గాలిలో ఆలోపే అది కోట్ల సార్లు ఢీకొని ఆ శక్తిని పోగొట్టుకుంటుంది. గాలి పలచబడిన సుమారు 97 కిలోమీటర్ల ఎత్తులోనే దానికి ఆ తీరిక దొరుకుతుంది. 630 దగ్గరి ఎరుపు గీతకైతే దాదాపు రెండు నిమిషాల తీరిక కావాలి, అందుకే అది 200 కిలోమీటర్ల పైనుంచి వస్తుంది.

589 దగ్గర గీత కనిపిస్తే మాత్రం తొందరపడకండి. సోడియం పై గాలిలోనూ ఉంది, వీధి దీపాల్లోనూ ఉంది. సన్నగా ఉంటే ఆకాశానిది కావచ్చు. నడుమ నల్లగా చీలి, రెండు పక్కలా వెడల్పుగా పరచుకుంటే దీపానిదే. అప్పుడు మరో ఊరు దాటి వెళ్లి మళ్లీ తీయండి.