పాత బండికి లావు టైరు: కొనేముందు కొలవండి

(అనంతపురంలో టూవీలర్ మెకానిక్‌లు, పాత బళ్ల అభిమానుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. షాపులు మూసి వచ్చిన మెకానిక్ అన్నలకూ, బళ్లు తళతళా తుడుచుకుని వచ్చిన తమ్ముళ్లకూ ఇంకోసారి.

యమహా ఆర్‌ఎక్స్ 100 ఉన్న ప్రతి కుర్రాడూ ఒకటే అడుగుతున్నాడు: "అన్నా, ఎనకాల ఎంత లావు టైరు పడుతుందన్నా?" మన దేశంలో 1985లో మొదలై 1996లో ఆగిపోయిన బండి అది. కంపెనీ దానికి వెనక ఇచ్చిన సైజు 2.75-18. అంటే వెడల్పు రెండుముప్పావు అంగుళాలు, సుమారు 70 మిల్లీమీటర్లు; 18 అనేది రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. ఇప్పటి స్పోర్ట్స్ బళ్లకు 130, 140 వస్తున్నాయి. పక్కన నిలబెడితే మనది బక్కచిక్కినట్టు కనిపిస్తుంది, నిజమే. లావు టైరు మీద మోజు పడటం తప్పని నేననను. కానీ ఎంత పడుతుందో టైరు షాపువాడు చెప్పలేడు. బండి పక్కన గొంతుక్కూర్చుని కొలిస్తేనే తెలుస్తుంది.

మొదట రిమ్ము చూడండి. టైరు పక్కన 100/90-18 అని రాసి ఉందంటే, సరైన రిమ్ముకు ఎక్కించినప్పుడు దాని వెడల్పు సుమారు 100 మిల్లీమీటర్లు, రిమ్ము నుంచి పైకి ఎత్తు అందులో 90 శాతం అని. ఆ టైరుకు 2.15 అంగుళాలకు తక్కువ వెడల్పు రిమ్ము పనికిరాదు, 2.50 అయితే ఇంకా మంచిది. వంద సీసీ పాత బళ్లలో చాలావాటి రిమ్ము మీద 1.60 అని ఉంటుంది. దాని మీదే సబ్బునీళ్లు పూసి, లివర్లతో తోసి, గాలి కొడితే ఎక్కుతుంది, ఎక్కదని కాదు. కానీ రెండు అంచులూ దగ్గరికి నొక్కుకుపోయి, టైరు నడినెత్తిన ఉబ్బుతుంది. రోడ్డుకు తగిలేది నడిమి పట్టీ ఒక్కటే. కొన్నాళ్లకు వంగి చూడండి. నడిమిన గ్రిప్పు అరిగి నున్నగా అయ్యుంటుంది, పక్కల మాత్రం కొత్త టైరుకుండే రబ్బరు వెంట్రుకలు అట్లాగే నిక్కి ఉంటాయి. వెడల్పుకని డబ్బు పెట్టి, ఆ వెడల్పును ఒక్కరోజు కూడా వాడుకోకపోవడం అంటే ఇదే.

"లావైతే గ్రిప్పు పెరుగుతుంది గదన్నా" అంటారు. రోడ్డుకు ఆనే రబ్బరు ఎంతో ముఖ్యంగా తేల్చేవి బండి మీద బరువు, టైరులో గాలి. గాలి అంతే ఉంచి టైరు లావు చేస్తే ఆ ఆనే చోటు అడ్డంగా పెరిగి పొడవు తగ్గుతుంది, అంతే. పైగా అదే మలుపులో బండిని ఇంకాస్త వంచాలి. గ్రిప్పే కావాలంటే మంచి రబ్బరున్న కొత్త టైరు కంపెనీ సైజులోనే వేసుకోండి. లావుకు పెట్టే డబ్బు అక్కడ పెట్టడం మేలని నా అభిప్రాయం.

ఇక టైరు చుట్టూ ఉండాల్సిన సందు. నేను ఎక్కువ చెప్పదలుచుకున్నది దీని గురించే. 70 నుంచి 100కు పోతే ఒక్కో పక్క 15 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఎడమ పక్క చైను, కుడి పక్క బ్రేకు రాడ్డు ఉంటాయి. సెంటర్ స్టాండ్ వేసి చక్రం తిప్పి "తగల్లేదు" అంటే చాలదు. చైను సాగేకొద్దీ చక్రాన్ని వెనక్కి జరుపుతూ వస్తాం. వెనక చక్రాన్ని పట్టుకునే చట్రం, అదే స్వింగ్ ఆర్మ్, వెనక వెడల్పుగా ఉంటుంది, ముందుకు పోయేకొద్దీ ఇరుకు. అరిగిన చైనుతో చక్రం వెనక ఉన్నప్పుడు సరిపోయిన టైరు, కొత్త చైను వేసి చక్రం ముందుకు జరపగానే రాసుకుంటుంది. కాబట్టి యాక్సిల్‌ను, అంటే చక్రం ఇరుసును, పూర్తిగా ముందుకు నెట్టి కొలవండి. ఏ పక్కయినా నా చిటికెన వేలు దూరకపోతే ఆ టైరు నేను వేయను.

పైన కూడా చూడండి. మూడు శనక్కాయ మూటలు వేసుకుని గుంతలో పడితే షాకబ్జర్లు పూర్తిగా కిందికి దిగుతాయి. అప్పుడు టైరు మడ్‌గార్డు లోపలి బోల్టులకు తగులుతుంది. వెనక లైటు వైరు కూడా ఆ లోపలి నుంచే పోతుంది, అది తెగితే రాత్రి వెనక లైటు పోయిన సంగతి మీకు తెలియదు, వెనక వచ్చే లారీవాడికే తెలుస్తుంది.

మన తాడిపత్రి, గుత్తి రోడ్ల మీద తిరిగేవాళ్లకు ఈ మాత్రం చాలు. కోయిలకుంట్ల, నంద్యాల వైపు నల్లరేగడి పొలాలకు పోయేవాళ్లు మాత్రం సందు ఇంకా వదలాలి. వానకు తడిసిన రేగడి టైరుకు ఎట్లా అంటుకుంటుందో మీకు నేను చెప్పాలా? సందు తక్కువైతే మట్టి మడ్‌గార్డులో కూరుకుని చక్రమే నిలబడిపోతుంది. అక్కడి రైతులు పాత బళ్లకు సన్నటైరు ఉంచుకునేది చేతకాక కాదు.

లావుతో పాటు ఎత్తూ మారుతుంది. రిమ్ముతో కలిపి 2.75-18 మొత్తం ఎత్తు 597 మిల్లీమీటర్లయితే 100/90-18 ఎత్తు 637. ఏడు శాతం దాకా తేడా. పికప్ చచ్చిపోతుంది, ఎక్కుడులో గేరు తగ్గించాల్సి వస్తుంది. స్పీడోమీటరు ఈ బళ్లలో ముందు చక్రం నుంచి నడుస్తుంది కాబట్టి దానికి తెలియదు, ఇంజనుకు తెలుస్తుంది. మైలేజీ సంగతి చెప్పక్కర్లేదు.

బుల్లెట్‌కు ఈ లెక్క బాగా కుదురుతుంది. పాత 3.25-19 ఎత్తు దాదాపు 648, 120/80-18 ఎత్తు 649. రాయల్ ఎన్‌ఫీల్డే తర్వాత క్లాసిక్ మోడల్‌కు వెనక 18 అంగుళాల చక్రం పెట్టింది. అయితే అక్కడా రిమ్ము, పుల్లలు (స్పోకులు) మార్చాలి, సందు కొలవాలి.

చైనుకు తగులుతోందని కొందరు పుల్లలు లాగి రిమ్మును కుడివైపు జరుపుతారు. అట్లా చేస్తే వెనక చక్రం ముందు చక్రం గీతలో ఉండదు, చేతులు వదిలితే బండి ఒక పక్కకు లాగుతుంది. వెనక టైరుకు రెండు పక్కలా ఆనేటట్టు దారం లాగి ముందు టైరు దాకా పట్టుకోండి. ముందుది సన్నం కాబట్టి దారానికీ దానికీ మధ్య ఖాళీ రెండు పక్కలా సమానంగా రావాలి. రాకపోతే డెలివరీ ఇవ్వొద్దు.

నన్నడిగితే 1.60 రిమ్ముకు 2.75 నుంచి 3.00-18కు పోండి. ఒక్క మెట్టే. చూపుకూ నిండుగా ఉంటుంది, రిమ్మూ ఒప్పుకుంటుంది. లోడ్ ఇండెక్స్ మాత్రం పాతదానికి తగ్గకూడదు: 42 అంటే టైరు మోసేది 150 కిలోలు, 48 అంటే 180. పుల్లల రిమ్ముకు ట్యూబ్‌లెస్ టైరు వేసినా లోపల అదే సైజు ట్యూబు ఉండాల్సిందే. అంతకంటే పెద్ద మార్పులకు, కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చొద్దనే 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది. ఇన్సూరెన్స్ వాళ్లకు క్లెయిమ్ రోజున అది బాగా గుర్తుకొస్తుంది.

బయట రెండు బళ్లు స్టాండ్ వేసి పెట్టినాం. స్కేలు, దారం, చాక్‌పీసు ఉన్నాయి. రండి, మొదట ఆ ఎర్ర ఆర్‌ఎక్స్ యాక్సిల్ నట్లు వదులు చేద్దాం.