ఒకే పాత్రలో రెండు ఈస్టులు

సభకు నమస్కారం. లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం తయారుచేయడం మన రాష్ట్రంలో నేరమని ముందే గుర్తుచేస్తున్నాను. ఇంటి బీరుకు అనుమతి ఉన్న దేశాల్లో స్థిరపడిన మనవారికీ, హైదరాబాదు మైక్రోబ్రూవరీల్లో పనిచేసేవారికీ ఈ మాటలు ఉపయోగపడతాయి.

1883లో కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ బీరు ఈస్టును ఒకే కణం నుంచి పెంచి చూపేదాకా, బీరు సాధారణంగా రకరకాల ఈస్టుల కలయికతోనే పులిసేది. మన ఈతకల్లు నేటికీ అంతే. లొట్టికి అంటుకుని ఉన్న ఈస్టులు, బాక్టీరియాలు చెట్టు మీదే పని మొదలుపెడతాయి. ఎంచి కలపడం మాత్రం వేరే విద్య.

రెండు ఈస్టులు కలిపితే రెండింటి గుణాలూ చెరిసగం వస్తాయనుకోవడం పొరపాటు. పండ్ల వాసననిచ్చే ఎస్టర్లు చాలావరకు మొదటి రెండు మూడు రోజుల్లోనే పుడతాయి. చక్కెర ఎంతవరకు తరుగుతుందన్నది సాధారణంగా ఆ జంటలో ఎక్కువ తినగల ఈస్టే తేలుస్తుంది. ఉదాహరణకు, 1.048 సాంద్రతతో (నీటిది 1.000; చక్కెర తరిగేకొద్దీ ఈ అంకె దిగుతుంది) మొదలైన మాల్టు ద్రావణాన్ని, అంటే మొలకెత్తించిన బార్లీ నుంచి తీసిన తీపి నీటిని, పరిమళం బాగా ఇచ్చే ఇంగ్లిషు ఈస్టు 1.016 దగ్గర వదిలేసి అడుగుకు దిగిపోవచ్చు. మూడో రోజున, నురగ ఇంకా కుంగకముందే, వాసన పెద్దగా లేని అమెరికన్ ఈస్టును విడిగా పులియబెట్టి, అది చురుగ్గా పొంగుతున్నప్పుడు కలిపితే, మొదటిదాని పరిమళం నిలిచి, సాంద్రత 1.011 దాకా దిగే అవకాశముంటుంది. పొడి ఈస్టును నేరుగా చల్లితే, ఆల్కహాలు పెరిగి ఆక్సిజన్ అడుగంటిన ఆ ద్రావణంలో అది నిలదొక్కుకోవడం కష్టం.

పులియడం మధ్యలో ఆగిపోయిన బీరుకు, వైన్ ఈస్టుల్లో ఒకటైన షాంపేన్ ఈస్టే మందు అనే నమ్మకాన్ని నేను ఒప్పుకోను. వైన్ ఈస్టుల్లో ఎక్కువ భాగం మాల్టోట్రయోజ్ అనే చక్కెరను ముట్టవు, మిగిలిపోయేదేమో చాలావరకు అదే. పైగా వాటిలో కొన్ని విడుదలచేసే విషపు ప్రోటీను బీరు ఈస్టులను చంపుతుంది కాబట్టి, మొదట్లోనే కలిపితే జంట కాస్తా ఒంటరవుతుంది.

మన వేసవిలో ఉష్ణోగ్రత సంగతి మరీ ముఖ్యం. పులిసే ద్రావణం తనంతట తానే గది కంటే కొన్ని డిగ్రీలు వేడెక్కుతుంది కనుక, తొలి మూడు రోజులూ 20 డిగ్రీల దరిదాపుల్లో చల్లబరిచే ఏర్పాటు లేకపోతే, ఏ రెండు ఈస్టులు కలిపినా ఘాటైన వాసనే మిగులుతుంది.

అడుగు మడ్డిని మళ్లీ వాడేవారికి ఒక మాట: అందులో రెండు ఈస్టుల పాళ్లు మొదట వేసినట్టు ఉండవు, ప్రతి విడతకూ మారిపోతాయి. అందుకే రెంటినీ వేర్వేరు సీసాల్లో దాచుకుని, ప్రతిసారీ కొత్తగా కలుపుకోవాలి.